వందలో ఒక్క ఛాన్స్: టామీ జాన్ మోచేతి కథ

ఈ రోజు ఎపిసోడ్‌లోకి వెళ్లే ముందు మీతో ఒక చిన్న పని చేయిస్తాను. చేతిలో ఫోన్ ఉంటుంది కదా, దాన్ని గోడకో, నీళ్ల బాటిల్‌కో ఆనించి పెట్టండి. ఎడమ అరచేతిని మీ వైపు తిప్పుకోండి. బొటనవేలు, చిటికెనవేలు కొసలు రెండూ కలపండి. అలాగే ఉంచి మణికట్టుని కొంచెం లోపలికి వంచండి. మణికట్టు మధ్యలో సన్నటి తాడులాంటిది పైకి లేచిందా?

దాని పేరు పామారిస్ లాంగస్. ఒక చిన్న కండరం, దాని టెండన్. కొంతమందికి ఏమీ కనిపించి ఉండదు. కంగారు పడకండి. పుట్టుకతోనే అది లేనివాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లు కూడా అందరిలాగే బిందె ఎత్తుతారు, బ్యాట్ పట్టుకుంటారు, బైక్ నడుపుతారు. అంటే మన ఒంట్లో అదొక స్పేర్ పార్ట్ అన్నమాట. ఉన్నా సరే, లేకపోయినా సరే.

1974లో అమెరికాలో ఒక డాక్టర్ ఈ స్పేర్ పార్ట్‌ని ఒక బేస్‌బాల్ ఆటగాడి కుడి చేతిలోంచి తీసి, అతని ఎడమ మోచేతిలో బిగించాడు. అప్పటిదాకా ఏ పిచర్‌కీ అలా చేయలేదు. ఆ ఆటగాడి పేరు టామీ జాన్. ఇవాళ ఆ ఆపరేషన్ పేరు కూడా టామీ జాన్ సర్జరీయే. మామూలుగా జబ్బుకో, ఆపరేషన్‌కో డాక్టర్ పేరు పెడతారు. ఇక్కడ పేషెంట్ పేరు పెట్టారు. ఎందుకు పెట్టారో కథ వింటే మీకే అర్థమవుతుంది.

ముందు మనలాంటి క్రికెట్ జనం కోసం బేస్‌బాల్ రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పిచర్ అంటే మన బౌలర్‌లాంటి వాడు. బంతి నేల మీద పడకుండా నేరుగా బ్యాటర్ దగ్గరికి వెళ్లాలి. దూరం 60 అడుగుల 6 అంగుళాలు. మన క్రికెట్ పిచ్ 66 అడుగులు కదా, దాదాపు అంతే. కానీ అసలు తేడా చేతిలో ఉంది. క్రికెట్‌లో మోచేయి 15 డిగ్రీలకు మించి చాపితే అది చకింగ్. మురళీధరన్ విషయంలో ఎంత గొడవ జరిగిందో విని ఉంటారు. బేస్‌బాల్‌లో ఆ రూలే లేదు. చెయ్యి వంచి, వెనక్కి లాగి, కొరడా ఝుళిపించినట్టు విసరడమే అక్కడ ఆట. మనవాళ్లు పరుగెత్తుకుంటూ వచ్చి బంతి వేస్తారు, అందుకే మన ఫాస్ట్ బౌలర్లకి ఎక్కువగా నడుము పోతుంది. 2023లో బుమ్రా వెన్నుకి సర్జరీ చేయించుకున్నాడు కదా. పిచర్ దాదాపు నిలబడిన చోటి నుంచే విసురుతాడు, కాబట్టి దెబ్బ వెళ్లి మోచేతి మీద పడుతుంది.

మోచేతి లోపలి వైపు రెండు ఎముకల్ని కట్టి ఉంచే ఒక చిన్న లిగమెంట్ ఉంటుంది. దాన్ని అల్నార్ కొలేటరల్ లిగమెంట్ అంటారు. స్కూల్ సైన్స్ పుస్తకంలో స్నాయుబంధనం, సంధిబంధనం అని చదువుకుని ఉంటారు. కండరాన్ని ఎముకకి కలిపేది టెండన్, అంటే స్నాయుబంధనం. ఎముకని ఎముకకి కలిపేది లిగమెంట్, అంటే సంధిబంధనం. పిచర్ చెయ్యి వెనక్కి వెళ్లి, ఒక్కసారిగా ముందుకి తిరిగే క్షణంలో మోచేతి లోపలి భాగం తలుపు బలవంతంగా తెరిచినట్టు విచ్చుకోబోతుంది. దాన్ని పట్టి ఆపేది ఈ లిగమెంట్, చుట్టూ ఉన్న కండరాలు. కండరాలు అలిసిపోతే బరువంతా లిగమెంట్ మీదే పడుతుంది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు మన హీరో దగ్గరికి వద్దాం. టామీ జాన్ 1943 మే 22న ఇండియానా రాష్ట్రంలోని టెర్రె హోట్ అనే ఊళ్లో పుట్టాడు. 1963లో, ఇరవై ఏళ్లకే క్లీవ్‌ల్యాండ్ టీమ్ తరఫున మేజర్ లీగ్‌లోకి వచ్చాడు. తర్వాత చికాగో వైట్ సాక్స్. 1971 డిసెంబర్‌లో లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ వాళ్లు డిక్ అలెన్ అనే పెద్ద స్టార్ బ్యాటర్‌ని చికాగోకి ఇచ్చి, బదులుగా ఇతన్ని తెచ్చుకున్నారు. డిక్ అలెన్ పేరు కూడా గుర్తుంచుకోండి, చివర్లో వస్తాడు.

టామీ జాన్ మెరుపు వేగం ఉన్న పిచర్ కాదు. అతని ఆయుధం సింకర్. బ్యాటర్ దగ్గరికి వెళ్లేసరికి కిందకి జారిపోయే బంతి. బ్యాట్‌కి తగిలినా పైకి లేవదు, నేల మీద దొర్లుతుంది, ఫీల్డర్లు పట్టుకుని అవుట్ చేసేస్తారు. వికెట్లు ఎగరగొట్టకుండా లైన్, లెంగ్త్‌తో విసిగించి అవుట్ చేసే బౌలర్లు మనకీ ఉన్నారు కదా, ఆ టైపు.

1974 సీజన్. వయసు 31. కెరీర్‌లోనే బెస్ట్ ఫామ్. బేస్‌బాల్‌లో టీమ్ గెలిచినప్పుడు ఆ గెలుపు ఏ పిచర్ ఖాతాలో పడాలి అని ఒక లెక్క ఉంటుంది. జూలై మధ్యకి ఇతని లెక్క 13 గెలుపులు, 3 ఓటములు. అలాంటి టైమ్‌లో జూలై 17న మాంట్రియల్ ఎక్స్‌పోస్‌తో మ్యాచ్. మూడో ఇన్నింగ్స్. ఒక బంతి విసిరాడు, చేతిలో ఏదో తేడాగా అనిపించింది. ఇంకొకటి విసిరాడు. బంతికి దారీ లేదు, వేగమూ లేదు. ఇంకెవరి కోసమూ ఎదురుచూడలేదు. తనే నడుచుకుంటూ బయటికి వచ్చేశాడు.

అప్పటికి ఆసుపత్రుల్లో ఎంఆర్ఐ స్కాన్లు లేవు. లోపల ఏం జరిగిందో డాక్టర్ చేత్తో పట్టుకుని చూడాలి, ఊహించాలి. అంతకు ముందు ఇలా చెయ్యి పోయిన పిచర్లు ఏమయ్యారో తెలుసా? ఇంటికి వెళ్లిపోయారు. చాలామంది పేర్లు కూడా మిగల్లేదు. ఇదే డాడ్జర్స్‌లో శాండీ కోఫాక్స్ అని ఒక మహా పిచర్ ఉండేవాడు. మోచేతి నొప్పితో 1966లో, కేవలం 30 ఏళ్లకి, టాప్‌లో ఉండగానే ఆట మానేశాడు. కోఫాక్స్ అంతటి వాడికే దారి లేకపోతే టామీ జాన్ ఎంత?

డాడ్జర్స్ టీమ్ డాక్టర్ పేరు ఫ్రాంక్ జోబ్. కొన్ని వారాలు విశ్రాంతి ఇచ్చి చూశారు, లాభం లేదు. అప్పుడు జోబ్‌కి ఒక ఆలోచన వచ్చింది. పోలియో వల్ల చేతులు పనిచేయని వాళ్లకి టెండన్లని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చే ఆపరేషన్లు అప్పటికే జరుగుతున్నాయి. అదే పని మోచేతిలో చేస్తే? మనం ఇందాక చూసిన పామారిస్ లాంగస్‌ని కుడి చేతిలోంచి తీసి, ఎడమ మోచేతి రెండు ఎముకల్లో రంధ్రాలు చేసి, ఇంగ్లీష్ ఎనిమిది అంకె ఆకారంలో దూర్చి బిగిస్తే? కండరానికి పనిచేసిన టెండన్ ఇక్కడ లిగమెంట్ డ్యూటీ చేయాలి. మంచం నులక తెగితే వేరే తాడుతో మళ్లీ అల్లినట్టు.

మళ్లీ పిచింగ్ చేయగలనా అని అడిగితే జోబ్ చెప్పిన లెక్క, వందలో ఒక్క ఛాన్స్. టామీ జాన్ తర్వాతి రోజుల్లో ఇంటర్వ్యూల్లో చెప్పిన దాని ప్రకారం అతని ఆలోచన చాలా సింపుల్. ఆపరేషన్ చేయించుకుంటే వందలో ఒకటి. చేయించుకోకపోతే వందలో సున్నా. సున్నా కన్నా ఒకటి పెద్దది. అంతే.

నాకు ఈ కథలో బాగా నచ్చిన చోటు ఇదే. ఇందులో ధైర్యం ఉంది, కానీ సినిమా ధైర్యం కాదు. తొడగొట్టడాలు లేవు. ఒక మనిషి కూర్చుని కూడికలు, తీసివేతలు వేసుకుని, సరే కానిద్దాం అన్నాడు.

1974 సెప్టెంబర్ 25. ఆపరేషన్ జరిగింది.

సినిమా అయితే ఇక్కడ ఒక పాట వేస్తారు. పాట అయ్యేలోపు హీరో మళ్లీ గ్రౌండ్‌లో ఉంటాడు. నిజంగా జరిగింది వేరు. ఆపరేషన్ తర్వాత అతని ఎడమ చెయ్యి కొంకర్లు పోయింది. మోచేతి దగ్గర ఉండే అల్నార్ నరం దెబ్బతింది. చిటికెనవేలు, ఉంగరపువేలు స్వాధీనంలో లేవు, చెయ్యి పక్షి గోరులా ముడుచుకుపోయింది. డిసెంబర్‌లో ఆ నరం కోసం రెండో ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. నరం బాగుపడటం అంటే మామూలు విషయం కాదు. రోజుకి సుమారు ఒక మిల్లీమీటర్ చొప్పున పెరుగుతుంది. రోజుకి ఒక మిల్లీమీటర్! మనం వీడియో రెండు సెకన్లు బఫర్ అయితేనే స్క్రీన్ కొట్టేస్తాం.

1975 సీజన్ మొత్తం పోయింది. ఒక్క మ్యాచ్ లేదు. ఆ ఏడాదంతా అతను చేసింది ఏమిటంటే, బంతి విసరడం. జనం లేరు, స్కోర్ లేదు. మొదట్లో వేళ్లు సహకరించకపోతే టేప్ చుట్టుకుని విసిరాడు. ఇంట్లో భార్య శాలీ గ్లవ్ వేసుకుని పట్టుకునేది. టీమ్‌మేట్ మైక్ మార్షల్, శరీరం కదలికల గురించి చదువుకున్నవాడు, చేతి మీద భారం తగ్గేలా విసిరే పద్ధతి నేర్పాడు. అంటే పాత యాక్షన్‌ని కూడా వదులుకుని, 32 ఏళ్ల వయసులో మళ్లీ ఓనమాలు దిద్దుకున్నాడు.

1976 ఏప్రిల్ 16, అట్లాంటాలో మళ్లీ మౌండ్ ఎక్కాడు. మౌండ్ అంటే పిచర్ నిలబడే మట్టి దిబ్బ. ఆ మ్యాచ్ ఓడిపోయాడు. కానీ ఆ చెయ్యి పనిచేసింది. ఆ సీజన్ 10 గెలుపులు, 10 ఓటములు. మరుసటి ఏడాది 1977లో 20 గెలుపులు, 7 ఓటములు. ఒక సీజన్‌లో 20 గెలుపులంటే పిచర్‌కి చాలా పెద్ద గౌరవం. ఆపరేషన్‌కి ముందు అతను ఒక్కసారి కూడా 20 దాటలేదు. తర్వాత మూడుసార్లు: 1977లో 20, న్యూయార్క్ యాంకీస్‌కి మారాక 1979లో 21, 1980లో 22.

మొత్తం కెరీర్ లెక్క చూడండి. 26 సీజన్లు, 288 గెలుపులు. అందులో చెయ్యి పోకముందు 124. కొత్త లిగమెంట్‌తో 164. రిటైర్ అయింది 1989లో, 46 ఏళ్లకి. వందలో ఒక్క ఛాన్స్ అన్న చెయ్యి 14 సీజన్లు ఆడింది!

మనిషి సరదా మనిషి కూడా. ఆపరేషన్ టైమ్‌లో కోఫాక్స్ ఫాస్ట్‌బాల్ పెట్టమని డాక్టర్‌కి చెబితే, ఆయన పొరపాటున మిసెస్ కోఫాక్స్ ఫాస్ట్‌బాల్ పెట్టాడని జోక్ వేసేవాడు. చివర్లో మార్క్ మగ్వైర్ అనే కుర్ర బ్యాటర్ ఇతని బంతుల్ని బాదాడు. ఆ కుర్రాడి నాన్న టామీ జాన్‌కి పళ్ల డాక్టర్! మన డెంటిస్ట్ కొడుకు మనల్ని బాదేస్తున్నాడంటే ఇక ఇంటికెళ్లే టైమ్ అయిందని నవ్వేవాడు.

అయితే అన్నీ కలిసిరాలేదు. 1974లో ఇతను చెయ్యి కట్టుకుని కూర్చుంటే డాడ్జర్స్ వరల్డ్ సిరీస్‌కి వెళ్లి ఓడిపోయారు. 1977, 1978లో ఇతను డాడ్జర్స్ తరఫున వరల్డ్ సిరీస్ ఆడాడు, రెండుసార్లూ యాంకీస్ చేతిలో ఓటమి. సరే అని యాంకీస్‌లో చేరితే, 1981లో యాంకీస్ వెళ్లి డాడ్జర్స్ చేతిలో ఓడిపోయారు. ఏం చెప్తాం! హాల్ ఆఫ్ ఫేమ్ కూడా దక్కలేదు. 15 ఏళ్లు ఓటింగ్‌లో పేరు ఉంది, కావాల్సింది 75 శాతం ఓట్లు, అతనికి ఎప్పుడూ మూడో వంతు కూడా రాలేదు. 2024 డిసెంబర్‌లో ఒక కమిటీ పాత ఆటగాళ్ల జాబితాని మళ్లీ పరిశీలించింది. టామీ జాన్ పేరు ఉంది, కానీ ఎంపిక కాలేదు. ఆ రోజు ఎంపికైన ఇద్దరిలో ఒకరు ఎవరో తెలుసా? డిక్ అలెన్. 1971లో ఎవర్ని ఇచ్చి ఇతన్ని తెచ్చుకున్నారో, ఆయనే. అప్పటికి అలెన్ బతికి లేడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ కథని రీల్స్‌లో, షార్ట్స్‌లో చాలామంది చెబుతారు. వందలో ఒక్క ఛాన్స్, అయినా గెలిచాడు, మీరూ గెలుస్తారు, మ్యూజిక్, అయిపోయింది. నాకు అక్కడే అభ్యంతరం.

ఎందుకంటే టామీ జాన్ తర్వాత అదే ఆపరేషన్ చేయించుకున్న పిచర్ పేరు బ్రెంట్ స్ట్రోమ్. 1978లో చేయించుకున్నాడు. అతను మళ్లీ మేజర్ లీగ్‌లో ఒక్క బంతి కూడా వేయలేకపోయాడు. తర్వాత చాలా మంచి పిచింగ్ కోచ్ అయ్యాడు, అది వేరే కథ. అదే డాక్టర్, అదే ఆపరేషన్. ఒకరికి 14 సీజన్లు, ఒకరికి సున్నా. మనకి గెలిచినవాడి పేరే తెలుసు, ఎందుకంటే ఆపరేషన్‌కి అతని పేరే ఉంది.

ఇవాళ పరిస్థితి చాలా మెరుగైంది, నిజమే. మేజర్ లీగ్ పిచర్లలో నాలుగో వంతు కన్నా ఎక్కువమంది ఈ సర్జరీ చేయించుకున్నవాళ్లే. షోహెయ్ ఓటానీ పేరు వినే ఉంటారు. 2018లో అతనికి ఈ సర్జరీ జరిగింది. 2023లో మోచేతికి రెండోసారి సర్జరీ జరిగింది. 2024లో పిచింగ్ మానేసి, బ్యాటింగ్ మాత్రమే చేసి 54 హోమ్ రన్లు కొట్టాడు. 2025లో మళ్లీ బంతి పట్టాడు. ఇంత బాగా పనిచేస్తోంది కాబట్టే ఒక ప్రమాదకరమైన మూఢనమ్మకం పుట్టింది. సర్జరీ చేయించుకుంటే చెయ్యి ముందుకన్నా గట్టిపడుతుందట, వేగం పెరుగుతుందట! అమెరికాలో కొంతమంది తల్లిదండ్రులు పిల్లలకి నొప్పి లేకపోయినా ముందే చేయించేద్దామా అని డాక్టర్లని అడుగుతున్నారు. టెండన్ మార్చితే వేగం రాదు. ఎవరికైనా పెరిగిందంటే, ఆ ఏడాదిన్నర పాటు చేసిన కసరత్తు వల్ల, ఆ దొరికిన విశ్రాంతి వల్ల.

2007 నుంచి 2011 వరకు అమెరికాలో జరిగిన ఈ సర్జరీలని పరిశీలిస్తే, సగానికి పైగా 15 నుంచి 19 ఏళ్ల వయసువాళ్లకే జరిగాయి. స్కూలు పిల్లలండీ! టామీ జాన్ స్వయంగా ఈ విషయంలో చాలా బాధపడ్డాడు. తన పేరుతో ఉన్న ఆపరేషన్ పసివాళ్లకి జరుగుతుంటే అతనికి గర్వంగా ఏమీ లేదు. ఏడాది పొడవునా ఒకే ఆట ఆడించొద్దు, చేతికి విశ్రాంతి ఇవ్వండి అని తిరిగి తిరిగి చెప్పాడు.

ఎందుకిలా అవుతోంది? ఒక్క మాటలో, స్పీడ్. 2008లో మేజర్ లీగ్ ఫాస్ట్‌బాల్ సగటు వేగం గంటకి 91 మైళ్ల చుట్టూ ఉండేది. 2024కి 94 దాటింది. అంటే సుమారు 151 కిలోమీటర్లు, అది సగటు! ప్రతి బంతీ పూర్తి బలంతో విసరాలి. ఇందాక ఏమన్నాను? కండరాలు అలిసిపోతే బరువంతా లిగమెంట్ మీదే. 2014లో మేజర్ లీగ్ బేస్‌బాల్ వాళ్లే పిల్లలకి లెక్క పెట్టారు. 9, 10 ఏళ్ల పిల్లలైతే రోజుకి 75 బంతులు మించకూడదు. 11, 12 ఏళ్లకి 85. ఎక్కువ వేస్తే మధ్యలో ఇన్ని రోజులు విశ్రాంతి అని కూడా రాశారు. డాలస్‌లో, న్యూజెర్సీలో మన తెలుగువాళ్ల పిల్లలు లిటిల్ లీగ్ ఆడుతుంటారు. ఈ వీడియో చూస్తున్న అన్నయ్యలు, అక్కలు, పిన్ని బాబాయ్‌లు ఉంటే ఆ లెక్క ఒకసారి చూసుకోండి.

ఇక ఇక్కడ గుంటూరులో, వరంగల్‌లో, హైదరాబాద్ అకాడమీల్లో నెట్స్‌కి వెళ్లే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి. మీది మోచేయి కాకపోవచ్చు, నడుమో భుజమో కావచ్చు. జావెలిన్ విసిరే వాళ్లకి మోచేయి కూడా. నీరజ్ చోప్రాకి 2019లో మోచేతి ఆపరేషన్ జరిగింది. అది ఇది కాదు, వేరే రకం. కానీ అతనూ ఆగాడు, కోలుకున్నాడు, ఆ తర్వాతే టోక్యో గోల్డ్. నొప్పి ఉన్నా చెప్పకపోతే మగతనం, సెలక్షన్స్ అయ్యాక చూసుకుందాం, ఒక స్ప్రే కొట్టి దిగిపోదాం, ఈ మాటలు మన గ్రౌండ్స్‌లో రోజూ వినిపిస్తాయి. ఆ రోజు టామీ జాన్ ఏం చేశాడో మళ్లీ గుర్తుచేసుకోండి. 13-3 ఫామ్‌లో ఉన్నవాడు, తేడా తెలిసిన రెండో బంతికే ఆగిపోయాడు. పంటి బిగువున ఇంకో ముప్పై బంతులు వేయలేదు. చెయ్యి చెప్పిన మాట విన్నాడు.

డాక్టర్ జోబ్‌ని 2013లో హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లు పిలిచి సత్కరించారు. టామీ జాన్ కూడా వచ్చాడు. మరుసటి ఏడాది జోబ్ కన్నుమూశారు. సత్కారం డాక్టర్‌కి దక్కింది, పేరు పేషెంట్‌కి మిగిలింది. నన్నడిగితే ఆ పేరు న్యాయమే. ఆపరేషన్ ఒక్క రోజులో అయిపోయింది. మిగతా ఏడాదిన్నర, రోజుకి ఒక మిల్లీమీటర్ చొప్పున, పేషెంటే చేయాల్సి వచ్చింది.

మీలో ఎవరైనా గాయం తర్వాత మళ్లీ ఆటలోకి వచ్చి ఉంటే, లేదా రాలేకపోయి వేరే దారి వెతుక్కుని ఉంటే, కామెంట్స్‌లో రాయండి. రెండో రకం వాళ్లు తప్పకుండా రాయండి, ఎందుకంటే మీ కథలు ఎవరూ చెప్పరు. నొప్పి దాస్తున్న ఫ్రెండ్ ఎవరైనా గుర్తొస్తే వాడికి ఈ లింక్ పంపండి. ఈ వీడియో చూసి ట్రీట్‌మెంట్ మాత్రం చేసుకోవద్దు, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా ఆడండి, అలిసిపోతే ఆగండి. ఉంటాను మరి, నమస్తే!